ఉతకని చొక్కా

సెప్టెంబరు 8, 1964. న్యూయార్క్

విమానం దిగిన దగ్గర్నుంచీ అరుపులే. నాలుగు వేల మంది ఆడపిల్లలు వచ్చారని మిస్టర్ ప్రిమ్ అంటాడు. మా మేనేజరు చెప్పే ఏ అంకెనైనా సగానికి కోస్తే నిజం దొరుకుతుంది. ఒకమ్మాయి పోలీసు చంక కిందనుంచి చెయ్యి దూర్చి నా జుట్టు పీకింది. పీకిన నాలుగు వెంట్రుకలూ అరచేతిలో పెట్టుకుని ఏడ్చింది. 

ఈ పుస్తకం ఎవరూ చూడరు. డ్రమ్ముల పెట్టె అడుగున పాత తువ్వాలు కింద దాస్తున్నాను. అందుకని నిజం ఒక్కసారి రాసి పారేస్తాను. మళ్ళీ రాయక్కర్లేదు.

ఇప్పుడు అమెరికా అంతా మోగుతున్న మా పాటలో డ్రమ్స్ వాయించింది నేను కాదు.

జూన్‌లో లండన్ స్టూడియోకి వెళ్ళేసరికి నా స్టూలు మీద నలభై అయిదేళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు. చేత్తో అల్లిన స్వెట్టరు, కళ్ళజోడు, పక్కన ఫ్లాస్కులో టీ. పేరు మిస్టర్ పాఫ్రీ. రికార్డు చేయించే పెద్దమనిషి నా భుజం తట్టి, "మనకున్నది మూడు గంటలే బాబూ. నీ ఎడం చెయ్యి కాస్త వెనకబడుతోంది. ఏమీ అనుకోకు, లండన్‌లో అందరూ ఇలాగే చేస్తారు. నువ్వు ఆ గజ్జెల టాంబొరిన్ పట్టుకో," అన్నాడు. పాట మొదట్లో వచ్చే దరువు ఉంది చూడండి, రెండు పొడుగు, మూడు పొట్టి, ఆపైన ఒక్క గుద్దు, ఆయన దాన్ని రెండోసారికే వాయించేసి, స్టూలు దిగి, గుడ్డు శాండ్‌విచ్ తిన్నాడు. నాకూ సగం పెట్టాడు. సిగ్గు లేకుండా తిన్నాను.

"చూడండి" అని రాశాను. ఎవరిని చూడమంటున్నానో.

సెప్టెంబరు 9

ఆకుపచ్చ మఖమలు కోట్లు కుట్టించాడు ప్రిమ్. నలుగురికీ. మా హెసెల్ రోడ్డులో ఆకుపచ్చ గుడ్డ ఇంట్లో కనబడితే ఆడవాళ్ళు పొయ్యిలో వేస్తారు. చేపల ఓడలకి ఆ రంగు గిట్టదు.

"నేనది వేసుకోను మిస్టర్ ప్రిమ్."

"ఎందుకు వేసుకోవూ?"

"మా వీధిలో వేసుకోరు."

"మీ వీధి ఇప్పుడు లేదు నాయనా. నువ్వు లివర్‌పూల్‌వాడివి, ఇక్కడ అమ్ముడయ్యేది ఆ ఊరి బ్యాండ్లే. హల్ అనే ఊరొకటి ఉందని ఇక్కడ ఒక్కడికి తెలుసేమో అడుగు."

నలుగురం హల్‌లో పుట్టి పెరిగాం. మా పేరులో ఉన్న హంబర్ మా ఊరి నది. ఇప్పుడు 'హంబర్ లైట్స్' అంటే లివర్‌పూల్ కుర్రాళ్ళు. పాట పాడే గోర్డన్ డ్యూస్‌బరీ పేరు గ్రాంట్ డెవెరెల్ అయిపోయింది. వాడు లివర్‌పూల్ యాస కూడా పట్టేశాడు, అమ్మ కడుపులోంచే తెచ్చుకున్నట్టు మాట్లాడుతున్నాడు. గిటారు వాయించే కీత్ నవ్వి ఊరుకుంటున్నాడు. బేస్ వాయించే రాన్‌కి తిండి దొరికితే చాలు, ఏ ఊరివాడన్నా ఒప్పుకుంటాడు.

కోటు వేసుకున్నాను. రేవు మెట్లమీద పట్టిన నాచులా ఉన్నాను.

సెప్టెంబరు 13

టీవీ. రికార్డు వాళ్ళు వేశారు, మేం ఊరికే పెదాలు కదిపాం. నా డ్రమ్ముల పక్కనుండే కంచు తాళాల కింద రబ్బరు ముక్కలు పెట్టారు, చప్పుడు రాకూడదట. పాఫ్రీ చప్పుడుకి నేను చప్పుడు లేకుండా చేతులు ఆడించాను. కెమెరా గోర్డన్ మొహం మీద ఉండాల్సింది, మూడు నిమిషాలూ నా చేతుల మీదే ఉంది.

సెప్టెంబరు 16

మేం పడుకున్న హోటలు దుప్పట్లని చిన్న చిన్న ముక్కలు కోసి అమ్ముతున్నారు. ఉతకకుండా. ఉతికితే ఎవరూ కొనరట. ఛీ.

సెప్టెంబరు 19. ఫిలడెల్ఫియా

ఎడ్నా అక్క ఉత్తరం.

"ఒరే నార్మన్, మీ పాట మిసెస్ గాట్ వాళ్ళ రేడియోలో వచ్చింది. వీధంతా వాకిట్లోకొచ్చి గంతులేసింది. నేనూ వేశాను, నా మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా. కానీ ఒరే, అది నువ్వు కాదు. పదేళ్ళు వంటింటి కుర్చీ మీద గరిటెలతో వాయించి నా ప్రాణం తీశావు, నీ ఎడం చెయ్యి నాకు తెలీదా? నువ్వు ఒక్క పిసరు ఆగి కొడతావు. ఆ పిసరులోనే మేం కాలు వేసేది. ఈయనెవరో గానీ గడియారం కొట్టినట్టు కొట్టాడు. పోనీలే, ఎవరు వాయిస్తే ఏంటి, సిగ్గుపడాల్సిందేం లేదు. నేనెవరికీ చెప్పను. నాకు మాత్రం అబద్ధం చెప్పకు. నీ చొక్కా కొక్కేనికే ఉంది."

రాన్ నా భుజం మీదనుంచి చివరి ముక్క చదివేశాడు.

"చొక్కా ఏంట్రా?"

"మా ఇంటి సంగతి."

"చెప్పరా, ఏమైంది?"

చెప్పాను. మా వీధిలో మగాడు ఓడెక్కిన రోజు ఇంట్లో గుడ్డ ఉతకరు. ఉతికితే మనిషి సముద్రంలో కొట్టుకుపోతాడు. మా అమ్మ ఆ పట్టింపుని ఇంకా బిగించింది. వెళ్ళేటప్పుడు విప్పిన చొక్కాకి, ఆ మనిషి మళ్ళీ గుమ్మంలో కాలు పెట్టేదాకా నీళ్ళు తగలకూడదు. అమ్మ పోయింది, నన్ను పెంచింది అక్కే, అమ్మ పట్టింపులన్నీ కూడా అక్కే పెంచుతోంది. నేను ఓడెక్కడం లేదక్కా, విమానం ఎక్కుతున్నాను అంటే, "కింద ఉన్నది సముద్రమేగా?" అంది. చెయ్యి ఊపి సాగనంపినా మనిషి తిరిగి రాడట, అందుకని చెయ్యి కూడా ఊపదు. నేను గుమ్మం దాటుతుంటే అటు తిరిగి బంగాళాదుంపల తొక్కు తీస్తూ కూర్చుంది.

"మీ వీధివాళ్ళకి పిచ్చిరా," అన్నాడు రాన్. వాళ్ళ నాన్న బస్సు కండక్టరు. వాడికేం తెలుస్తుంది.

సెప్టెంబరు 20

అక్కకి రాశాను. అది నేనేననీ, స్టూడియోలో మిషన్లు చప్పుడుని మార్చేస్తాయనీ.

పోస్టు డబ్బాలో వేసి వచ్చాక చేతులు కడుక్కున్నాను. ఆలోచిస్తే పూర్తిగా అబద్ధం కూడా కాదు. టాంబొరిన్ నేనే కదా.

సెప్టెంబరు 26. క్లీవ్‌లాండ్

ఇవాళ మొదటిసారి నిజంగా వాయించాలి, టేపు లేదు, రబ్బరు లేదు. పది రోజులనుంచీ హోటలు తలగడల మీద సాధన చేస్తున్నాను. కుడి చెయ్యి వింటోంది. ఎడం చెయ్యి మొండికేస్తోంది, పాఫ్రీ ఎక్కడ పడాలన్నాడో అక్కడ పడదు, ఆగి పడుతుంది. మధ్యాహ్నం ఏమీ తినలేకపోయాను. ఇవాళ్టితో దొరికిపోతాననుకున్నాను.

తెర లేచింది. ఆ అరుపులకి నా డ్రమ్ము నాకే వినపడలేదు. పక్కన నిలబడ్డ కీత్ గిటారు వినపడలేదు. దరువు వచ్చింది. రెండు కొట్టాను, మూడోది తప్పింది, ఆపేశాను. రెండు చేతులూ గాలిలోకి ఎత్తి ఊరుకున్నాను.

ఎవరూ గమనించలేదు. జనం నా వైపే చూస్తూ ఏడుస్తున్నారు, ముందు వరసలో పిల్లలు నేను వాయించని దరువుకి తలలు ఊపుతున్నారు. దిగాక గోర్డన్, "బాగా కొట్టావురా నార్మన్," అన్నాడు.

భయం పోయింది. దాని బదులు వచ్చినదాన్ని ఏమనాలో తెలీదు. 

సెప్టెంబరు 30

ఆ చోట రోజూ చేతులు ఎత్తేస్తున్నాను. అదొక విన్యాసం అనుకుంటున్నారు. కుర్రకారు అదీ నేర్చుకుంటున్నారట.

అక్క జవాబు. ఒక్క ముక్క: "సరే." కింద, "చొక్కా ఉంది."

అక్టోబరు 4. షికాగో

పత్రికలో రాసే ఒకావిడ వస్తుందని ప్రిమ్ పొద్దుటే చెప్పాడు. ఆ దరువు ఎలా పుట్టిందో అడుగుతుందట.

"ఏం చెప్పను?"

"ఇంటి కథ ఒకటి చెప్పు. అమ్మో, నాన్నో, ఆకలో. ఈ దేశంలో ఆడవాళ్ళు ఏడవకుండా దేన్నీ ప్రేమించరు."

"అది మిస్టర్ పాఫ్రీ చేసిన దరువు."

"ఆయన రుసుం తీసుకుని ఇంటికెళ్ళిపోయాడు నాయనా. ఆ పేరు నువ్వు తప్ప ఎవరూ ఎత్తడం లేదు."

ఆమె వచ్చింది. మిస్ వాన్స్, సన్నటి మనిషి, చేతులకి తెల్లటి తొడుగులు. రాసుకునే కాగితం మోకాలి మీద పెట్టుకుని నా వంక చూసింది. ఏమీ అనుకోలేదు నేను. నోరు దానంతటదే తెరుచుకుంది.

మా నాన్న చేపల ఓడలో పనిచేసేవాడన్నాను. ఆయన ఆఖరిసారి ఓడెక్కిన రోజు మా అక్క ఆయన చొక్కా ఉతికిందన్నాను. మా వీధిలో అలా ఉతకకూడదు, ఉతికితే మనిషి తిరిగి రాడు, అక్కకి పందొమ్మిదేళ్ళు, మరిచిపోయింది పాపం అన్నాను. ఉతుకుడు బల్ల మీద చొక్కా రుద్దిన చప్పుడు, రెండు పొడుగు, మూడు పొట్టి, చివర్న తొట్టి అంచుకేసి ఒక్క బాదు. నాన్న రాలేదు, ఓడా రాలేదు. ఆ చప్పుడు మాత్రం నా చెవిలో ఉండిపోయిందన్నాను.

మిస్ వాన్స్ కాటుక కారిపోయింది. "ఇన్నేళ్ళూ మీ అక్కయ్య ఎలా బతికిందండీ?" అంది.

"లివర్‌పూల్ అనే కదా రాస్తారు?" అన్నాను నేను.

"అవునండీ, లివర్‌పూల్ చేపల వీధి."

"అయితే సరే."

ప్రిమ్ తలుపు దగ్గర నిలబడి చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టాడు. వాడి మొహం మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఉమ్మలేదు, వాడిచ్చిన సిగరెట్టు వెలిగించుకున్నాను.

అక్టోబరు 5

పేర్లు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. ఓడ పేరూ చెప్పలేదు. ఎవరికీ నష్టం లేదు.

అక్టోబరు 6

అక్క ఉతకలేదు.

అక్టోబరు 7

రాస్తే గానీ కడుపులోంచి పోయేలా లేదు.

1953 ఫిబ్రవరి. నాకు పదకొండేళ్ళు. తెల్లవారుజామున సముద్రం పోటు మీద నాన్న ఓడ కదిలింది. ఆయన విప్పిన చొక్కా వంటింటి కొక్కేనికి ఉంది. అక్క రొట్టె కోసం కొట్టుకి వెళ్ళింది. నేను ఆ చొక్కా తొడుక్కున్నాను. మోకాళ్ళ దాకా వచ్చింది, పొగాకు వాసన. కుర్చీ ఎక్కి ఓడ కెప్టెన్ని అయ్యాను, చేతిలో కోకో కప్పు. కప్పు ఒలికి చొక్కా ముందంతా మరక పడింది. అక్క చూస్తే తంతుందని భయం. తొట్టిలో నీళ్ళు పోసి, సబ్బు వేసి, బల్ల మీద పెట్టి రుద్దాను. ఏ రోజో, ఏం చేస్తున్నానో తెలుసు నాకు. తెలియదని చాలాసార్లు చెప్పుకున్నాను గానీ తెలుసు. మరక పోతే ఎవరికీ తెలీదు కదా అనుకున్నాను.

అక్క గుమ్మంలో నిలబడిపోయింది. రొట్టె కింద పెట్టి, తడి చొక్కాని నా చేతుల్లోంచి లాక్కుని పిండింది. తన్నలేదు. వీధిలో ఆరెయ్యకుండా పొయ్యి వెనక ఆరేసింది. తర్వాత నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నేనే ఉతికాను, విన్నావా? ఎవరడిగినా నేనే. నీకేం తెలీదు," అంది.

ఎవరూ అడగలేదు. ఇరవై మంది పోయారు, ఒక్క మా వీధిలోనే ఆరు ఇళ్ళు. మిసెస్ గాట్ ఇద్దరు కొడుకులూ అందులోనే పోయారు. పదకొండేళ్ళుగా అక్క, చేపల షెడ్డులో, ఆ మిసెస్ గాట్ పక్కనే నిలబడి మంచులో చేతులు పెట్టి కాడ్ చేపలు కోస్తోంది.

ఐస్‌లాండ్ దగ్గర మంచు పేరుకుని, బరువుకి ఓడ తిరగబడిందని విచారణలో తేల్చారు. చొక్కాకీ ఓడకీ సంబంధం లేదని నాకు తెలుసు. అక్కకీ తెలుసు. అయినా మా వీధిలో ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, ఇద్దరమూ.

అక్టోబరు 15. సెయింట్ లూయిస్

పత్రిక వచ్చింది. పాట మొదటి స్థానానికి ఎక్కింది. ప్రిమ్ నన్ను అందరి ముందూ కౌగిలించుకున్నాడు, వాడి తలనూనె వాసన ఇంకా నా చొక్కాకి ఉంది. గోర్డన్ మూతి ముడుచుకున్నాడు, పాడేది వాడైతే రేడియోవాళ్ళు పిలిచేది నన్ను.

ఇవాళ మూడు రేడియోల్లో చెప్పాను. ఒకచోట అక్క ఉతుకుతూ ప్రార్థన గీతం పాడిందన్నాను. ఇంకోచోట సబ్బు నురగ ఆమె జుట్టుకి అంటిందన్నాను. రోజురోజుకీ బాగా ఉతుకుతోంది.

అక్టోబరు 17. డాలస్

ఒక ఆడమనిషి తన కొడుకు చొక్కా తెచ్చి సంతకం చెయ్యమంది. ఉతకనని ఒట్టేసింది. సంతకం చేశాను. ఇక్కడ మాంసం పలక మీదకి పొంగి పడేంత పెడతారు, సగం తిని పారేస్తారు. మనుషులూ అంతే, నోటి నిండా ఏడుస్తారు, అయిదు నిమిషాలకి తుడుచుకుంటారు.

అక్టోబరు 18

నిజానికి ఆ చొక్కాని అక్క పిండింది కదా. పిండడం కూడా ఉతకడంలో భాగమే. పూర్తిగా అబద్ధమని ఎలా అంటాం?

అక్టోబరు 24. బస్సులో

కీత్‌కి వాళ్ళమ్మ ఉత్తరం వచ్చింది. చదువుతూ చదువుతూ ఆగిపోయాడు. మిగతావాళ్ళు నిద్రపోతున్నారు. లేచి వచ్చి నా పక్క సీట్లో కూర్చున్నాడు.

మా ఊరి పేపరువాడికి రోషం వచ్చిందట. మన పిల్లల్ని లివర్‌పూల్‌వాళ్ళంటారా అని, అమెరికా పత్రికలో వచ్చిన నా కథ మొత్తం వేసి, తప్పులన్నీ శ్రద్ధగా దిద్దాడు. లివర్‌పూల్ కాదు, హల్. చేపల వీధి కాదు, హెసెల్ రోడ్డు. ఓడ పేరు, మునిగిన తేదీ, నాన్న పేరు. అక్క పేరు, అక్క పనిచేసే షెడ్డు. మన వీధి బిడ్డ అని పెద్ద అక్షరాలతో, గర్వంగా.

"మా అమ్మ ఇంకా ఏం రాసిందో చదవనా?" అన్నాడు కీత్.

"చదువు."

"'షెడ్డులో ఎడ్నా బల్ల దగ్గర ఎవరూ నిలబడటం లేదు. ఒక్కొక్కరూ కత్తి తీసుకుని అవతలి బల్లకి వెళ్ళిపోయారు. ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. మిసెస్ గాట్ ఆఖరున వెళ్ళింది. వెళ్ళేముందు ఎడ్నా చేతుల వంక చాలాసేపు చూసింది.' ఒరేయ్ నార్మన్."

"ఊఁ."

"మీ అక్క నిజంగా ఉతికిందా?"

బస్సు కిటికీలోంచి ఒకటే మట్టి. చెట్టు లేదు, నీళ్ళు లేవు.

"ఉతికింది," అన్నాను.

కీత్ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తన సీటుకి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 25

ఛీ నేను. ఛీ నేను. వాడొక్కడు, ఊరివాడు, చిన్నప్పటినుంచీ తెలిసినవాడు, చెవి దగ్గర పెట్టి అడిగాడు. వాడికి కూడా.

అక్టోబరు 26. ఫీనిక్స్

పొద్దుట ప్రిమ్ గదికి వెళ్ళాను. వాడు గడ్డం గీసుకుంటున్నాడు.

"మా ఊరి పేపరుకి నిజం రాస్తాను. చొక్కా ఉతికింది నేను."

"రాయి. ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఏముంది?"

"దరువు అక్క దగ్గర పుట్టలేదని తేలుతుంది. మరి ఎక్కడ పుట్టిందని అడుగుతారు. పాఫ్రీ దగ్గర. అయితే వాయించిందెవరు? పాఫ్రీ. ఒక దారం లాగితే కోటంతా ఊడొస్తుంది నాయనా. నువ్వొక్కడివే కాదు, ఆ ముగ్గురు కుర్రాళ్ళూ ఇంటికి పోతారు. గోర్డన్ మళ్ళీ బిస్కట్ల కొట్లో, రాన్ గోదాములో. అడిగిరా వాళ్ళని."

అద్దంలో నా వంక చూసి, గడ్డానికి ఉన్న నురగ తుడుచుకున్నాడు. "మీ అక్కకి మంచి బహుమతి పంపుదాం. ఏం ఇష్టం ఆమెకి?"

వాణ్ణి కొట్టాలి. ఎప్పుడో కొట్టాలి.

ఆదివారం లాస్ ఏంజెలెస్‌లో దేశమంతా చూసే కార్యక్రమం. టేపు కాదు, అప్పటికప్పుడు వెళ్ళిపోతుంది, ఎవడూ కత్తిరించలేడు. అక్కడ చెప్పేస్తాను. మా ఊళ్ళో కనపడదు కానీ మర్నాడు పేపర్లన్నీ వేస్తాయి, మా పేపరువాడు తప్పులు దిద్ది మరీ వేస్తాడు. "చొక్కా ఉతికింది నేను. మా అక్క కాదు." రెండు ముక్కలే. తలగడ మీద దరువుకి బదులు ఆ రెండు ముక్కలూ సాధన చేస్తున్నాను.

అక్టోబరు 28

చెప్పేస్తాను.

అక్టోబరు 29

రాన్ పుట్టినరోజు. వాళ్ళమ్మకి ఇల్లు కొనిపెడతానంటున్నాడు, స్నానాలగది ఇంటిలోపలే ఉండే ఇల్లు. కేకు ఆకుపచ్చది చేయించారు. తిన్నాను.

చెప్పేస్తాను. రాన్ అర్థం చేసుకుంటాడు.

అక్టోబరు 30. లాస్ ఏంజెలెస్

అక్క ఉత్తరం.

"నార్మన్,

మిసెస్ గాట్ ఇంటికొచ్చి అడిగింది. పదకొండేళ్ళలో అడిగినవాళ్ళలో ఆవిడే మొదలు. నేనే ఉతికానని చెప్పాను. ఆ రోజు నీకిచ్చిన మాట అది, నిలబెట్టుకున్నాను. ఇంకెప్పుడూ నిలబెట్టక్కర్లేదు.

నీ చొక్కా ఇవాళ ఉతికాను. పొయ్యి వెనక కాదు, వీధిలో తాడు మీద ఆరేశాను. అందరూ చూశారు.

ఎడ్నా."

అక్టోబరు 31

కింద అక్క అని లేదు. ఎడ్నా అని ఉంది.

నవంబరు 1, ఆదివారం

ఆకుపచ్చ కోటు టీవీలో బూడిదరంగుగా పడుతుందట. మంచిదే.

పాటకి ముందు ఆ కార్యక్రమం నడిపే పెద్దమనిషి నా దగ్గరికి వచ్చాడు. పళ్ళు తెల్లగా, మొహానికి నారింజరంగు పౌడరు. "అమెరికా అంతా ఎదురుచూస్తోంది నార్మన్. మీ అక్కయ్య గురించి నీ నోటితో చెప్పు," అన్నాడు. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. జనం ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. క్లీవ్‌లాండ్‌లో మొదలైన అరుపుల తర్వాత అంత నిశ్శబ్దం నేను వినడం ఇదే మొదటిసారి. ఏం చెప్పినా ప్రతి ముక్కా వినపడుతుంది.

నోరు తెరిచాను. రెండు ముక్కలూ నాలుక మీదే ఉన్నాయి. పక్కన రాన్ బేస్ పట్టుకుని నా వంకే చూస్తున్నాడు, వాడి పుట్టినరోజుకి కొన్న కొత్త బూట్లు మెరుస్తున్నాయి.

రాన్ కోసం కాదు. ఇక్కడ కూడా రాన్ మీద తోసేస్తే మరీ రోతగా ఉంటుంది. ఆ నిశ్శబ్దం నాకు నచ్చింది. అంతే.

కథ చెప్పాను. ఎప్పటికంటే బాగా చెప్పాను. కొత్త ముక్క కూడా చేర్చాను. ఉతికిన చొక్కాని అక్క వీధిలో తాడు మీద ఆరేసిందనీ, వీధివాళ్ళంతా చూస్తుండగా, మా ఇళ్ళల్లో ఎవరూ ఎవరికీ ఊపని చెయ్యిని, ఆ చొక్కా గాలికి ఊపిందనీ అన్నాను. హాలంతా ఏడ్చింది. ప్రిమ్ కూడా ఏడ్చాడు, వాడిది నిజమో కాదో.

ఆ తర్వాత వాయించాం. జనం ఏడుస్తున్నారు కాబట్టి అరవలేదు, మొదటిసారి నా డ్రమ్స్ నాకు వినపడ్డాయి. చేతులు ఎత్తెయ్యడానికి వీల్లేదు. కొట్టాను.

దిగాక కీత్ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "ఇవాళ అచ్చం రికార్డులో లాగే కొట్టావురా," అన్నాడు. మెచ్చుకోలు కాదది.

నిజమే. రెండు పొడుగు, మూడు పొట్టి, ఒక్క గుద్దు. ఎడం చెయ్యి ఎక్కడా ఒక్క పిసరు కూడా ఆగలేదు.